174 గ్రాముల వేసవి టాప్: క్రోషే ప్రాజెక్టు డైరీ

ఏం అల్లుతున్నాం

మే నెల ఎండల్లో ఇంట్లోనూ ఆఫీసుకూ బజారుకూ వేసుకోగలిగే పొట్టి చేతుల టాప్. 36 అంగుళాల చెస్టుకు 4 అంగుళాల లూజు, అంటే చుట్టుకొలత 40. భుజం నుంచి అంచు దాకా పొడవు 21. మొత్తం బరువు 180 గ్రాములు దాటకూడదు.

ఆ చివరి షరతే అన్నిటికంటే ముఖ్యం. ఎంతో ఇష్టంగా అల్లుకున్న క్రోషే టాపులు బీరువాలో మూలన పడిపోవడానికి చాలాసార్లు డిజైను కారణం కాదు, బరువే. కాటన్ దారమైతే చల్లగా ఉంటుందనేది సగం నిజం. అదే కాటన్‌తో సందు లేకుండా డబుల్ క్రోషే అల్లితే గాలి ఆడదు, చెమట ఆరదు. పైగా కాటన్‌కు సాగి మళ్ళీ ముడుచుకునే గుణం చాలా తక్కువ. బరువుగా అల్లితే తన బరువుకు తానే కిందికి దిగుతుంది. పొద్దున నడుము దగ్గరున్న అంచు సాయంత్రానికి తుంటి మీదికి వస్తుంది, మెడ వెడల్పవుతుంది, భుజం కుట్టు మోచేతి వైపు జారుతుంది. అందుకే ఈ డైరీలో ప్రతి దశకూ కొలతతో పాటు తూకం కూడా రాశాం. గ్రాము పదో వంతు దాకా చూపే చిన్న త్రాసు ఉంటే మంచిది. వంటింటి త్రాసు 1 గ్రాము తేడానే చూపిస్తే, ఒకే రకం నమూనాలు మూడు అల్లి కలిపి తూచి, మూడో వంతు తీసుకోవాలి.

కుట్ల పేర్లన్నీ అమెరికన్ పద్ధతిలోనివి. చైన్ అంటే గొలుసు కుట్టు, సింగిల్ అంటే పొట్టి కుట్టు, డబుల్ అంటే దానికంటే పొడవాటి కుట్టు, స్లిప్ స్టిచ్ అంటే ఎత్తు లేకుండా కలిపే కుట్టు. బ్రిటిష్ పుస్తకాలు చూసి అల్లేవాళ్ళు ఇక్కడి సింగిల్‌ను డబుల్‌గా, ఇక్కడి డబుల్‌ను ట్రెబుల్‌గా చదువుకోవాలి.

దారం, హుక్కు

8/4 మెర్సరైజ్డ్ కాటన్, మీగడ రంగు, 50 గ్రాముల ఉండలు 5. లెక్క ప్రకారం 4 చాలు. అయిదోది భద్రత కోసం, ఎందుకంటే మళ్ళీ కొనడానికి వెళ్తే అదే డై లాట్ (ఒకే విడతలో రంగు వేసిన సరుకు) దొరుకుతుందన్న నమ్మకం లేదు. మీగడ రంగులో కూడా రెండు లాట్ల తేడా ఎండలో పట్టుబడుతుంది. కొనేటప్పుడే అయిదు లేబుళ్ళ మీదా లాట్ నంబరు ఒకటేనా అని చూసుకోవాలి.

8/4 అంటే 8 కౌంటు నూలు నాలుగు పోగులు కలిపి పేనిన దారం. చేనేతలో చీర నూలుకు చెప్పే కౌంటే ఇదీ: ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అంత కౌంటు. 8 కౌంటును నాలుగు పోగులుగా పేనితే పౌనుకు రెండు చిలపల పొడవు, అంటే 1680 గజాలు. మీటర్లలోకి మారిస్తే 50 గ్రాములకు దాదాపు 169. ఉండ మీద 165 నుంచి 170 మీటర్లని రాసి ఉంటే అది ఈ దారమే. లేబుల్ మీద పేరు ఏదైనా 50 గ్రాములకు ఎన్ని మీటర్లన్నదే చూడాలి. 50 గ్రాములకు 120 మీటర్లే వచ్చే దారంతో ఇదే టాప్ అల్లితే బరువు లక్ష్యం దాటిపోవడం ఖాయం.

మెర్సరైజ్డ్ ఎందుకంటే, నూలును బిగువుగా లాగి పట్టి కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచడం వల్ల పీచు ఉబ్బి గుండ్రబడుతుంది. దారం గట్టిపడుతుంది, మెరుస్తుంది, నూగు తగ్గుతుంది. (కాస్టిక్ సోడా పద్ధతికి 1850లో ఇంగ్లండులో జాన్ మెర్సర్ పేటెంటు తీసుకున్నాడు, ఆ పేరే నిలిచింది.) రోజూ ఉతికే బట్టకు నూగు రేగకపోవడం చాలా పెద్ద లాభం. మామూలు కాటన్ మెత్తగా ఉంటుంది కానీ చంకల దగ్గర, బ్యాగు పట్టీ రాసుకునే చోట కొద్ది ఉతుకులకే నూగు లేస్తుంది. వెదురు విస్కోస్ తాకడానికి హాయిగానే ఉన్నా కాటన్ కంటే ఎక్కువగా జారుతుంది, తడిస్తే బలం తగ్గుతుంది. అక్రిలిక్ తేలికే, కానీ చెమట పీల్చదు. ఈ పనికి వద్దు.

నర్సాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లే ఆడవాళ్ళ చేతిలో కనిపించే సన్న దారం ఇంకా తేలిక కదా అనిపిస్తుంది. నిజమే. సైజు 10 దారం 50 గ్రాములకు దాదాపు 280 మీటర్లు వస్తుంది, అంతే వైశాల్యానికి బరువు నాలుగో వంతు తగ్గుతుంది. కానీ కుట్ల సంఖ్య ఒకటిన్నర రెట్లు దాటుతుంది. టేబుల్ మీద పరిచే లేసుకు ఆ శ్రమ తగినదే. వారానికి రెండుసార్లు ఉతికి వేసుకునే టాప్‌కు 8/4 సరైన మధ్యదారి.

హుక్కులు రెండు: ఒంటికి 3.0 మి.మీ., అంచులకు 2.5 మి.మీ. హుక్కు మీద ఉండే నంబర్లు కంపెనీకో రకంగా ఉంటాయి కాబట్టి మిల్లీమీటర్లే చూసుకోవాలి. మొన మరీ కోసుగా ఉంటే నాలుగు పోగుల్లో ఒకటి బయటికి లేస్తుంది. కొంచెం గుండ్రటి మొన ఈ దారానికి అనుకూలం. ఇవి కాక మొద్దు మొన సూది, పిన్నీసులు ఓ డజను, పావు అంగుళం కాటన్ టేపు అర గజం, టేపు కుట్టడానికి అదే రంగు కుట్టుదారం.

నమూనాల తూకం

రెండు నమూనాలు. రెండింటికీ 35 కుట్లు, 17 వరసలు, 3.0 హుక్కు.

మొదటిది నిండు డబుల్ క్రోషే: 10 గ్రాములు. రెండోది జాలీ: ఒక డబుల్, ఒక చైన్, ఒక కుట్టు వదిలి మళ్ళీ డబుల్. రెండు డబుళ్ళ మధ్య ఖాళీ ఒక గడి, 35 కుట్లకు అలాంటి గళ్ళు 17 వచ్చాయి. బరువు 6.4 గ్రాములు. డబుల్ క్రోషే ఒక్కోటి 5 సెంటీమీటర్ల పైచిలుకు దారం తింటే చైన్ ఒక సెంటీమీటరు చిల్లరతో సరిపెట్టుకుంటుంది. సగం డబుళ్ళ స్థానంలో చైన్లు వస్తే బరువు మూడో వంతుకు పైగా తగ్గడం అందుకే.

జాలీ నమూనాను గోరువెచ్చని నీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టి, తువ్వాల్లో చుట్టి వత్తి, నీడలో పరిచి ఆరబెట్టాక కొలత 6.2 × 6.2 అంగుళాలు. అంటే 4 అంగుళాలకు అడ్డంగా 11 గళ్ళు, నిలువుగా 11 వరసలు. గడి చతురస్రంగా వచ్చిందన్నమాట, ఇది చాలా కలిసొచ్చే సంగతి. తర్వాత చేతుల దగ్గర వరసల పక్కన గళ్ళు ఎత్తుకునేటప్పుడు ఒక వరసకు ఒక గడి అని సూటిగా లెక్కపెట్టుకోవచ్చు. ఉతకకముందు కొలిచి లెక్కలు వేయకూడదు. ఉతికాక కుట్లు సర్దుకుని కొలత మారుతుంది.

తూకం వల్ల అసలు ఉపయోగం ఇక్కడే. 6.2 అంగుళాల చదరానికి 6.4 గ్రాములంటే చదరపు అంగుళానికి 0.167 గ్రాము. టాప్‌లో జాలీ భాగం మెడ తీసేసి దాదాపు 830 చదరపు అంగుళాలు, అంటే 138 గ్రాములు. అంచులు, కుట్లు, ముందు భాగంలో నింపే గళ్ళు కలిపి ఇంకో 35. మొత్తం 173. లక్ష్యంలోనే ఉంది. నిండు డబుల్‌తో ఇదే లెక్క వేస్తే 250 దాటుతుంది.

ఇక వేలాడదీసే పరీక్ష. టాప్ ముందు భాగం ఒక్కటే దాదాపు 70 గ్రాములు, దాని భారమంతా 20 అంగుళాల వెడల్పున్న పైవరసలే మోస్తాయి. నమూనా వెడల్పు 6.2 కాబట్టి దాని వంతుకు వచ్చేది 70 × 6.2 ÷ 20, అంటే 22 గ్రాములు. నమూనా పైఅంచును పిన్నీసులతో గుడ్డకు గుచ్చి, కింది అంచుకు 22 గ్రాములు తూగేలా బట్టల క్లిప్పులు సమదూరంలో పెట్టి ఒక రాత్రీ ఒక పగలూ వదిలేశాం. 6.2 అంగుళాలు 6.45 అయింది. నూటికి 4 వంతులు. 19 అంగుళాల జాలీ మీద ఇది ముప్పావు అంగుళం, అంటే రెండు వరసలు. కాబట్టి అవసరమైన దానికంటే రెండు వరసలు తక్కువే అల్లాలి. ఏదో ఒక బరువు తగిలించి చూస్తే ఈ అంకె రాదు. నమూనా మోయాల్సిన వాటా ఎంతో లెక్కకట్టి అంతే తగిలించాలి.

ఖరారైన లెక్క

ఒక్కో భాగం వెడల్పు 20 అంగుళాలు: 55 గళ్ళు, 111 కుట్లు. గళ్ళ సంఖ్య బేసిగా ఉంటే మెడ సరిగ్గా నడిమికి వస్తుంది. కింద రిబ్ (గీతలు గీతలుగా కనిపించే, కొద్దిగా సాగే పట్టీ) అంచు 1.4 అంగుళాలు, దాని పైన జాలీ 52 వరసలు. 52 వరసలు పరిచినప్పుడు 18.9, వేసుకున్నాక 19.7 అవుతాయి. రిబ్‌తో కలిపి 21 పైన కొద్దిగా.

కింది నుంచి పైకి అల్లుతున్నాం. ఇలా అల్లితే డబుల్ కుట్ల నిలువు కాళ్ళే బరువును మోస్తాయి. వరస వెంబడి ఉన్న సాగుడు గుణం ఒంటి చుట్టూ ఉపయోగపడుతుంది, కూర్చున్నా చేతులెత్తినా బిగుసుకోదు. పక్క నుంచి పక్కకు అల్లే డిజైన్లు చూడ్డానికి బాగుంటాయి కానీ వాటిలో సాగే దిక్కు నిలువుగా పడుతుంది, వదులు జాలీలో అది పొడవు మీద పడుతుంది.

కింది అంచు

2.5 హుక్కు. 9 చైన్లు వేసి, రెండో చైన్ నుంచి 8 సింగిళ్ళు. తిప్పి, 1 చైన్, ప్రతి కుట్టులో వెనక పోగు మాత్రమే పట్టుకుని 8 సింగిళ్ళు. ఇలా 110 వరసలు. తర్వాత పట్టీని అడ్డంగా తిప్పి, పొడవాటి పక్క వెంట వరసకు ఒక సింగిల్ చొప్పున 3.0 హుక్కుతో ఎత్తుకోవాలి. చివర ఒకటి అదనంగా వేస్తే 111.

880 కుట్ల పట్టీ, పని మెల్లగా సాగుతుంది. అయినా మామూలు చైన్ల మీద మొదలుపెట్టడం కంటే ఇదే మంచిది. చైన్ల వరస జాలీ కంటే బిగువుగా ఉండి అంచును లోపలికి లాగుతుంది, రెండు కొనలూ పైకి లేస్తాయి. రిబ్ కొద్దిగా సాగుతుంది, అంచుకు బరువునిచ్చి టాప్ గాలికి లేవకుండా పట్టి ఉంచుతుంది. కాటన్ రిబ్ ఊలు రిబ్‌లా ముడుచుకోదు కాబట్టే హుక్కు సైజు తగ్గించడం. పట్టీని చదునుగా పరిస్తే దాదాపు 19 అంగుళాలు ఉండాలి. 20 వచ్చిందంటే చెయ్యి వదులని అర్థం. అలాంటప్పుడు 104 వరసలకే ఆపి, దాని మీదే 111 సింగిళ్ళు సర్దుకోవాలి.

పట్టీ తూకం 8 గ్రాములు.

వీపు భాగం

1వ వరస: 4 చైన్లు (మూడు డబుల్ బదులు, ఒకటి గడి కోసం), తిప్పి, ఒక కుట్టు వదిలి తర్వాతి దానిలో డబుల్, *1 చైన్, ఒకటి వదిలి డబుల్* అలా చివరిదాకా. 55 గళ్ళు రావాలి.

2వ వరస నుంచి: 4 చైన్లు, తిప్పి, కింది గడి వదిలి డబుల్ తల మీద డబుల్, *1 చైన్, డబుల్ మీద డబుల్*. చివరి డబుల్ కింది వరస మొదట్లో వేసిన 4 చైన్లలో మూడోదానిలో పడాలి.

ఈ ఆఖరి వాక్యం దగ్గరే ఎక్కువ జాలీలు పాడవుతాయి. మూడో చైన్ కనిపించక దాని ముందున్న డబుల్‌తోనే ఆపేస్తే ఒక గడి పోతుంది, తర్వాతి వరసలో ఇంకోటి, చూస్తుండగానే పక్క అంచు లోపలికి వాలిపోతుంది. మొదటి కొన్ని వరసల్లో మూడో చైన్ వేసిన వెంటనే దానికి పిన్నీసు పెట్టుకుంటే తిరిగొచ్చేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు. అయిదు వరసలకోసారి 55 లెక్కపెట్టడం తప్పనిసరి. మూడు చైన్ల మలుపు కొందరి చేతిలో వదులై పక్క గళ్ళు పెద్దవిగా కనిపిస్తాయి. వాళ్ళు డబుల్ బదులు 2 చైన్లే వేసుకోవచ్చు, అప్పుడు చివరి డబుల్ రెండో చైన్‌లోకి వెళ్తుంది. ఏ పద్ధతి పట్టినా రెండు భాగాల్లోనూ అదే ఉండాలి.

డబుల్‌ను తల మీది రెండు పోగుల కింద నుంచే తీయాలి, గడి ఖాళీలో వేయకూడదు. ఖాళీలో వేస్తే పని త్వరగా అవుతుంది కానీ కాళ్ళు అటూ ఇటూ జరిగి గళ్ళు వంకరపోతాయి.

ఉండ మార్పు ఎప్పుడూ వరస చివరనే. జాలీలో ముడి దాచడానికి చోటు ఉండదు. కొసలు దాక్కోగలిగేది పక్క కుట్టులోనే. ఒక వరసకు 1.2 గ్రాములు, అంటే 4 మీటర్ల దారం పడుతోంది. కాబట్టి వరస మొదలుపెట్టే ముందు ఉండ 1.5 గ్రాముల కంటే తక్కువ తూగితే ఆ వరస మొదలుపెట్టొద్దు. 6 అంగుళాల కొస వదిలి కొత్త ఉండ అందుకోవాలి. మిగిలిన ముక్కలు భుజం కుట్లకూ పక్క కుట్లకూ పనికొస్తాయి. ఆ చిన్న ఉండలన్నీ ఒక కవర్లో వేసి పెట్టాం.

వేసవిలో అల్లేటప్పుడు ఇంకో చిక్కు. అరచేయి చెమర్చితే దారం వేలి మీద జారడం మానేస్తుంది, కుట్టు బిగుసుకుంటుంది. మధ్యాహ్నం అల్లిన పది వరసలు, రాత్రి ఫ్యాను కింద అల్లిన పది వరసల కంటే పావు అంగుళం పొట్టిగా రావచ్చు. ఒళ్ళో పొడి చేతిరుమాలు పెట్టుకుని పని చేయడం, పదేసి వరసలకు కొలత రాసుకోవడం రెండూ అవసరమే. 10 వరసలకు 3.6 అంగుళాలు రావాలి.

32వ వరస చివర రెండు పక్కలా పిన్నీసులు. చంక ఇక్కడ మొదలవుతుంది, పైన 20 వరసలు చేతి కోసం.

49 వరసల తర్వాత మెడ. కుడి భుజం 17 గళ్ళు మూడు వరసలు (50, 51, 52), దారం తెంపి, నడుమ 21 గళ్ళు వదిలి, ఎడమ భుజం 17 గళ్ళు మూడు వరసలు. 

వీపు భాగం రిబ్‌తో కలిపి 69 గ్రాములు. లెక్కకు వచ్చింది కూడా 69.

ముందు భాగం

రిబ్ అంతే, మొదటి 20 వరసలు అంతే. 21 నుంచి 34 దాకా చదరంగం గళ్ళు: ఒకటి నిండు, ఒకటి ఖాళీ. లోపల స్లిప్ (పలుచని లోపలి బట్ట) వేసుకున్నా ఛాతీ దగ్గర జాలీ కొంచెం దగ్గరగా ఉంటేనే రోజువారీ బట్టలా అనిపిస్తుంది. మొత్తం నింపేస్తే గాలి ఆడదు, సగం నింపితే రెండూ కుదురుతాయి. భుజం నుంచి 9 అంగుళాల పైచిలుకు దూరంలో ఈ పట్టీ నడిమి భాగం పడుతుంది.

బేసి వరసల్లో 1, 3, 5 ... 55 గళ్ళు నిండు (28), సరి వరసల్లో 2, 4 ... 54 (27). నిండు గడి అంటే చైన్ బదులు ఇంకో డబుల్. కింద ఖాళీ గడి ఉంటుంది గనక ఆ ఖాళీలోకే హుక్కు పోనిచ్చి తీయాలి. కింద నిండు గడి వచ్చినచోట పైన 1 చైన్ వేసి ఆ డబుల్‌ను వదిలేయాలి. నిండు గడితో మొదలయ్యే వరసకు 4 కాదు, 3 చైన్లే.

14 వరసలకు 385 నిండు గళ్ళు, అదనపు బరువు 5 గ్రాముల లోపే. నిండు గళ్ళు పక్కకు కొంచెం తోస్తాయి కాబట్టి ఈ పట్టీ మిగతా దానికంటే పావు అంగుళం వెడల్పుగా వచ్చింది. ఆ మాత్రం తేడా ఉతికి పరిచినప్పుడు సర్దుకుంటుంది. అర అంగుళం దాటితే ఆ 14 వరసలకు 2.75 హుక్కు వాడుకోవాలి.

35 నుంచి మళ్ళీ ఖాళీ జాలీ. 41వ వరస దగ్గర వీపు భాగం మీద పరిచి చూడాలి. రెండింటిలో 41 వరసల ఎత్తు ఒకటే ఉండాలి. వరసల సంఖ్య సమానమైనా ఎత్తు తేడా ఉంటే మెడ మొదలుపెట్టకముందే సరిచేసుకోవడం తేలిక. మూడో వంతు అంగుళం దాకా తేడా అయితే ఒక వరస కలపడమో తీయడమో సరిపోతుంది.

ముందు మెడ లోతు 4 అంగుళాలు, 11 వరసలు. 42వ వరసలో 21 గళ్ళు అల్లి తిప్పాలి (నడుమ 13 గళ్ళు అలా వదిలేయాలి). 43 నుంచి 46 దాకా ప్రతి వరసలో మెడ వైపు ఒక గడి తగ్గించాలి, 17 మిగులుతాయి. 47 నుంచి 52 దాకా 17 గళ్ళు తిన్నగా. గడి తగ్గించడం రెండు రకాలు. వరస మెడ దగ్గర ముగుస్తుంటే చివరి గడి అల్లకుండా దాని ముందు డబుల్ మీదే ఆపి తిప్పేయాలి. వరస మెడ దగ్గర మొదలవుతుంటే గడి ఖాళీలో ఒక స్లిప్ స్టిచ్, తర్వాతి డబుల్ మీద ఒక స్లిప్ స్టిచ్ వేసి అక్కడి నుంచి 4 చైన్లు. ఈ స్లిప్ స్టిచ్‌లు వదులుగా ఉండాలి, లేకపోతే మెడ అంచు ముడతలు పడుతుంది. రెండో భుజానికి ఇదే అద్దంలో చూసినట్టు తిప్పి.

ముందు భాగం 70 గ్రాములు. మొత్తం ఇప్పటికి 139.

భుజాలు, పక్కలు

కలిపి కుట్టే ముందే రెండు భాగాలనూ తడిపి, 20 అంగుళాల వెడల్పుకు పిన్నులు పెట్టి ఆరబెట్టడం మంచిది. అంచులు వంకర తిరిగి ఉంటే గళ్ళకు గళ్ళు జతపడవు.

భుజం మీద భారమంతా పడుతుంది, అక్కడ మాత్రం సాగకూడదు. తిరగ వైపు నుంచి 2.5 హుక్కుతో 35 కుట్లకు 35 స్లిప్ స్టిచ్‌లు వేసి కలిపి, ఆ కుట్టు మీద 6.2 అంగుళాల కాటన్ టేపు ముక్కను కుట్టుదారంతో చేతికుట్టు వేశాం. టేపును ముందు తడిపి ఆరబెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకులో అది కుంచించుకుపోయి భుజం ముడుచుకుంటుంది. జాకెట్లు కుట్టేవాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. క్రోషేలో మాత్రం చాలామంది టేపు ఊసే ఎత్తరు, భుజాలు జారుతున్నాయని మళ్ళీ విప్పుతుంటారు.

పక్కలకు మొద్దు మొన సూదితో 1వ వరస నుంచి 32 దాకా, వరసకు ఒక కుట్టు చొప్పున. ఉండ మార్పు కొసలన్నీ ఈ కుట్టులోకే. ప్రతి కొసను రెండు అంగుళాలు ఒక దిక్కుకూ, ఒక అంగుళం వెనక్కీ తిప్పి పోనిస్తేనే మెర్సరైజ్డ్ దారం నిలుస్తుంది. నున్నటి దారం కాబట్టి ఒక దిక్కుకే తీస్తే ఉతుకుల్లో జారి బయటికొస్తుంది. రిబ్ పట్టీల పక్కలు కుట్టకుండా చీలిక వదిలాం, కింద కూర్చున్నప్పుడు అంచు పట్టేయదు.

చేతులు

చంక చుట్టూ 40 వరసల కొసలు (ముందు 20, వెనక 20). ఒక్కో కొసకు 2 సింగిళ్ళు, మొత్తం 80. దాని మీద 40 గళ్ళ జాలీ, గుండ్రంగా, ప్రతి చుట్టు చివర మూడో చైన్‌లో స్లిప్ స్టిచ్‌తో కలిపి, తిప్పి మళ్ళీ. తిప్పకుండా ఒకే దిక్కులో అల్లితే గళ్ళు ఏటవాలుగా తిరుగుతాయి, ఒంటి జాలీతో కలవవు. 11 చుట్లు, 4 అంగుళాలు. చివర 2.5 హుక్కుతో 80 సింగిళ్ళు రెండు చుట్లు.

చంక కింద మూలలో పక్క కుట్టు ముగిసే చోట ఒక పెద్ద సందు పడుతుంది. మొదటి సింగిళ్ళ చుట్టులో ఆ మూలకు రెండు పక్కలా ఉన్న కుట్లను కలిపి ఒకటిగా తీసి, మూలలో ఒకటి అదనంగా వేస్తే సందు మూసుకుంటుంది. రెండు కలిపితే ఒకటి తగ్గుతుంది, మూలలో వేసింది దాన్ని భర్తీ చేస్తుంది, లెక్క 80 దగ్గరే ఉంటుంది.

రెండు చేతులూ కలిపి 22 గ్రాములు.

మెడ అంచు

ముందు నడుమ 13 గళ్ళకు 26, ముందు పక్కలు 11 వరసలకు 22 చొప్పున 44, వెనక 21 గళ్ళకు 42, వెనక పక్కలు 3 వరసలకు 6 చొప్పున 12. మొత్తం 124 సింగిళ్ళు, 3.0 హుక్కుతో. నాలుగు మూలల్లో రెండేసి కలిపి తీస్తే 120. రెండో చుట్టు 2.5 తో 120. దారం తెంపే ముందు తల దూర్చి చూడాలి. ఇబ్బందిగా ఉంటే రెండో చుట్టు కూడా 3.0 తోనే వేయాలి. కుట్లు పెంచితే అంచు అలలు తిరుగుతుంది, హుక్కు మార్చడమే సరైన మార్గం.

తూకం: మెడ అంచు, కుట్లు, టేపు కలిపి 13 గ్రాములు. మొత్తం 174. నాలుగో ఉండలో ఇంకా 25 గ్రాముల పైనే మిగిలింది, అయిదోది ముట్టనే లేదు.

ఉతుకు, ఆరవేత

గోరువెచ్చని నీళ్ళు, తేలికపాటి ద్రవ సబ్బు, నానబెట్టడం 20 నిమిషాలు. పిండకూడదు. తువ్వాల్లో చుట్టి వత్తాలి. తడిస్తే బరువు దాదాపు రెట్టింపు అవుతుంది గనక దండెం మీద వేలాడదీస్తే ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టిన పొడవైనా ఆ ఒక్క పూటలో పోతుంది. అన్నిటికంటే మంచి చోటు నవారు మంచం. మీద ఒక పాత పంచె పరిచి, దాని మీద టాప్ పరిస్తే కింద నుంచి కూడా గాలి తగిలి త్వరగా ఆరుతుంది. నీడలోనే. వాషింగ్ మెషీన్ అయితే జాలీ సంచిలో, సున్నితమైన ఉతుకులో, జిప్పులూ హుక్కులూ ఉన్న బట్టలతో కలపకుండా.

గంజి విషయంలో మా అభిప్రాయం: కింది రిబ్‌కూ మెడకూ పలుచని గంజి పెడితే అంచు చక్కగా నిలబడుతుంది. జాలీకి మాత్రం వద్దు. గంజి పట్టిన దారం చెమటకు అంటుకుంటుంది, గడి అంచులు చర్మానికి గుచ్చుకుంటాయి.

చంకల్లో చెమట మరక పసుపుగా మారకుండా వేసుకున్న రోజే నీళ్ళలో జాడించాలి. గాఢమైన బ్లీచింగ్ నూలును బలహీనం చేస్తుంది, జాలీలో ఒక పోగు తెగితే చుట్టూ నాలుగు గళ్ళు వదులవుతాయి. ముదురు రంగు దారం ఎంచుకునేవాళ్ళు నమూనాను తెల్లగుడ్డలో చుట్టి తడిపి, రంగు దిగుతోందో లేదో అల్లకముందే చూసుకోవాలి.

ఇస్త్రీ కావాలంటే తిరగేసి, కింద తువ్వాలు వేసి, ఆవిరితో పైపైన.

వాడకంలో తేలినవి

ఉతికి, పరిచి ఆరబెట్టినప్పుడు పొడవు 20.25. ఒక రోజంతా వేసుకున్నాక 21.25. లెక్కలో అనుకున్నది 21.1. తిరిగి ఉతికితే మళ్ళీ 20.25 దగ్గరికి వచ్చింది. భుజం వెడల్పులో మార్పు లేదు, టేపు తన పని చేసింది.

లోపల లైనింగు కుట్టకపోవడం మంచిదైంది. మల్‌మల్ లైనింగు సాగదు, జాలీ సాగుతుంది. రెండింటినీ కలిపి కుట్టేస్తే రెండు ఉతుకులకే కింద లోపలి గుడ్డ తేలిపోవడమో, జాలీ ఉబ్బడమో జరుగుతుంది. విడిగా పలుచని కాటన్ స్లిప్, చర్మం రంగుకు దగ్గరది. మీగడ జాలీ కింద తెల్ల స్లిప్ వేస్తే గళ్ళు కనిపించకుండా పోయి అల్లిన పనంతా మరుగునపడుతుంది.

గాజుల కొక్కేలు, నల్లపూసల దండ, బ్యాగు జిప్పు జాలీకి తగులుకుంటాయి. పోగు లేచినప్పుడు కత్తిరించకూడదు, గట్టిగా లాగకూడదు. లేచిన పోగుకు రెండు పక్కలా నాలుగేసి కుట్లను సూది మొనతో ఒక్కొక్కటిగా వదులు చేస్తూ పోతే ఆ పోగు తిరిగి లోపలికి వెళ్ళిపోతుంది. ఒక గడి ఈ టాప్‌లో 9 మి.మీ. రెండు చైన్ల జాలీ అయితే గడి ఇంకా పెద్దదై, వేళ్ళు కూడా తగులుకునేది. రోజువారీ బట్టకు ఒక చైన్ జాలీయే మేలు.

వేరే కొలతలకు

34 చెస్టుకు 53 గళ్ళు (107 కుట్లు), భుజం 16. 38కి 57 గళ్ళు (115), భుజం 18, చంక 21 వరసలు, చేతికి 42 గళ్ళు. 40కి 61 గళ్ళు (123), భుజం 20, చంక 22 వరసలు, చేతికి 44 గళ్ళు. మెడ అన్నిటికీ 21 గళ్ళే. చంకకు పెంచిన వరసలు మొత్తం 52లోంచే తీసుకోవాలి, అంటే పిన్నీసు 31వ లేదా 30వ వరస దగ్గర పడుతుంది. 40 సైజు బరువు 190 గ్రాముల దగ్గర ఉంటుంది, నాలుగు ఉండలు అంతంతమాత్రంగా సరిపోతాయి కాబట్టి అయిదోది తప్పకుండా దగ్గర పెట్టుకోవాలి. పొడవు పెంచాలనుకుంటే 20వ వరసకు ముందే కలపాలి. ఒక అంగుళానికి మూడు వరసలు, రెండు భాగాలకూ కలిపి 7 గ్రాములు.